క్వేక్ 3 జంప్ పోటీల్లో ఫ్రేమ్ రేట్ గొడవ: 125కి లాక్ చేయాలా, వదిలేయాలా?

ప్రశ్న: మా చిన్న గ్రూపులో నెలకోసారి క్వేక్ 3 అనే షూటింగ్ ఆటలో డిఫ్రాగ్ మ్యాప్ (దూకుతూ వీలైనంత త్వరగా పూర్తి చేయాల్సినది) ఒకటి తీసుకుని టైమ్ పోటీ పెడుతున్నాం. ఈసారి మొదటి స్థానంలో ఉన్న రన్ 333 ఎఫ్‌పీఎస్‌తో (సెకనుకి 333 ఫ్రేములతో) ఆడిందని తెలిసి పెద్ద రచ్చ అయింది. అందరూ 125కి లాక్ చేసుకోవాలని కొందరు, ఎవరి కంప్యూటర్‌కి ఎంత వస్తే అంత ఆడనివ్వాలని కొందరు. 144 హెర్ట్జ్ మానిటర్ (సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చే తెర) ఉన్నవాళ్లకి ఎటూ లాభమే, పాత ల్యాప్‌టాప్ వాళ్లకి అన్యాయం జరుగుతోందని ఇంకో వాదన. ఏ రూల్ పెడితే న్యాయంగా ఉంటుంది?

ముందు సూటిగా చెప్పేస్తా, కారణాలు తర్వాత. కదలిక లెక్కని అందరికీ 8 మిల్లీసెకన్లకి బిగించండి. తెర మీద బొమ్మ సెకనుకి ఎన్నిసార్లు మారాలో ఎవరిష్టం వాళ్లకి వదిలేయండి. ఆ 333 రన్ ఆడినతన్ని చీటర్ అనకండి, కానీ ఆ టైమ్‌ని మిగతా టైములతో ఒకే పట్టికలో ఉంచకండి.

మీ వాళ్లలో చాలామంది ఫ్రేమ్ రేట్ అంటే ఆట ఎంత నున్నగా కనిపిస్తుందో అదే అనుకుంటున్నట్టున్నారు. ఇప్పటి ఆటల్లో చాలావాటికి అది నిజం కూడా. క్వేక్ 3లో మాత్రం కాదు. ఇందులో ఫ్రేమ్ రేట్ మారితే గురుత్వాకర్షణ మారుతుంది. మాటవరసకి అనడం లేదు, అక్షరాలా మారుతుంది. 2005లో ఈ ఆట తయారుచేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్లు సోర్స్ కోడ్‌ని జీపీఎల్ అనే ఉచిత లైసెన్స్ కింద బయటపెట్టారు కాబట్టి ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు, కదలిక లెక్క ఒకటి రెండు ఫైళ్లలోనే ఉంటుంది.

ఏం జరుగుతుందంటే, ఆటలో గురుత్వం 800, అంటే సెకను గడిస్తే నిలువు వేగం 800 యూనిట్లు (యూనిట్ అంటే ఆటలో పొడవుకి కొలత) తగ్గుతుంది. ప్రతి ఫ్రేమ్‌లోనూ ఆ ఫ్రేమ్ ఎన్ని మిల్లీసెకన్లు నడిచిందో దానికి తగ్గట్టు మీ నిలువు వేగం నుంచి కొంత తీసేస్తారు. ఇంతవరకు ఇబ్బంది లేదు. అసలు తిరకాసు ఆ తర్వాతి అడుగులో ఉంది: ఫ్రేమ్ చివర వేగాన్ని దగ్గరి పూర్ణాంకానికి సవరించేస్తారు. నెట్‌వర్క్ మీద పంపే సమాచారం తగ్గించడానికి, అటు సర్వర్ ఇటు మీ కంప్యూటర్ ఒకే అంకె మీద ఉండటానికి చేసిన పని అది. 1999లో డయలప్ మోడెమ్‌ల మీద ఆడించాల్సిన ఆట కదా, వాళ్ల బాధలు వాళ్లవి.

ఇప్పుడు లెక్క వేయండి. 125 ఎఫ్‌పీఎస్ అంటే ఫ్రేమ్‌కి 8 మిల్లీసెకన్లు. 800ని 0.008తో గుణిస్తే 6.4 తీయాలి. సవరణ తర్వాత పోయేది 6 మాత్రమే. ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ 0.4 మిగులు. సెకనుకి 125 ఫ్రేములు, 6 చొప్పున, అంటే మీ మీద పనిచేసే గురుత్వం 750. అదే 333 దగ్గర ఫ్రేమ్ 3 మిల్లీసెకన్లు, 2.4 పోవాల్సింది 2 పోతుంది, గురుత్వం దాదాపు 667కి పడిపోతుంది. 200 దగ్గర సరిగ్గా 4, సవరించడానికి ఏమీ లేదు, అసలు 800 అలాగే ఉంటుంది. 100 దగ్గరా అంతే.

దూకే వేగం అందరికీ 270. దాని ప్రకారం 800 గురుత్వంలో మీరు లేచే ఎత్తు సుమారు 45.6 యూనిట్లు, 125 వాడికి 48.6, 333 వాడికి 54.7. ఆట ఆటగాడి ఒళ్లుగా లెక్కవేసే పెట్టె ఎత్తే 56 యూనిట్లు, అందులో 9 యూనిట్ల తేడా అంటే చూసుకోండి. పైగా గాలిలో ఉండే సమయం కూడా మారుతుంది: 800లో ఒక జంప్ 0.675 సెకన్లు, 750లో 0.72. ఒక్కో జంప్‌కి 45 మిల్లీసెకన్లు ఎక్కువ గాలిలో ఉంటారు, 500 వేగంతో పోతున్నవాడికి అది 22 యూనిట్లు అదనపు దూరం. మ్యాప్‌లో ముప్పై జంపులుంటే మీరే గుణించుకోండి. అందుకే మీ 333 రన్ గెలిచింది. అతని చెయ్యి బాగుందో లేదో నేను చెప్పలేను కానీ, అతను ఆడింది వేరే గ్రహం మీద. ఒకడు టెన్నిస్ బంతితో, ఇంకొకడు లెదర్ బంతితో ఆడి ఇద్దరి సిక్సర్లూ ఒకే స్కోర్‌బోర్డు మీద రాసుకున్నట్టుంది మీ పట్టిక.

ఇక 144 హెర్ట్జ్ వాళ్ల సంగతి. ఇది వింటే మీ గ్రూపులో కొందరికి నవ్వు, కొందరికి ఏడుపు వస్తుంది. ఫ్రేమ్ రేట్‌కి పైహద్దు పెట్టే కామ్ మాక్స్ ఎఫ్‌పీఎస్‌లో (కమాండ్ల పేర్లు తెలుగులో రాస్తున్నా, టైప్ చేసేటప్పుడు మధ్య అండర్‌స్కోర్ మర్చిపోకండి) మీరు ఏ అంకె పెట్టినా ఇంజన్ దాన్ని నేరుగా తీసుకోదు. 1000ని ఆ అంకెతో భాగించి, దశాంశం తీసి పారేసి, వచ్చిన మిల్లీసెకన్లనే వాడుకుంటుంది. 144 పెడితే 6.94 వస్తుంది, ఇంజన్ 6 అంటుంది, కాబట్టి నిజంగా మీకు వచ్చేది 166. ఆ 6 మిల్లీసెకన్లకి తీయాల్సింది 4.8, సవరిస్తే 5. గురుత్వం 833! దూకే ఎత్తు 43.7. పోనీ వీ-సింక్ (ఫ్రేముల్ని తెర వేగానికి జతచేసే సెట్టింగ్) పెట్టుకుంటే ఎక్కువ ఫ్రేములు 7 మిల్లీసెకన్ల దగ్గర పడతాయి, 5.6 కాస్తా 6 అవుతుంది, గురుత్వం 857. ఇంకా దరిద్రం. ఇరవై వేలు పోసి మానిటర్ కొన్నాయన అందరికంటే తక్కువ ఎగురుతున్నాడన్నమాట. 60 పెట్టుకున్న ల్యాప్‌టాప్ కుర్రాడికి 16 మిల్లీసెకన్లు, 12.8కి 13, గురుత్వం 812, ఎత్తు 44.9. మానిటరాయన కంటే ఇతనే ఒక యూనిట్ పైన.

కాబట్టి డబ్బున్నవాడికి లాభం, లేనివాడికి నష్టం అనే వాదన ఇక్కడ పూర్తిగా నిలవదు. లాభం డబ్బుని బట్టి కాదు, ఫ్రేమ్ చివర వేగాన్ని సవరించినప్పుడు ఆ దశాంశం ఎటు తిరిగిందనే దాన్ని బట్టి. అయితే 1999, 2000ల్లో పరిస్థితి వేరు. అప్పట్లో 125 నిలకడగా రావాలంటే ఖరీదైన కార్డు కావాలి, లేనివాడికి ఆ ఎత్తు అందదు. క్యూ3డీఎం13 అనే మ్యాప్‌లో మెగాహెల్త్ (ఆరోగ్యం బాగా పెంచే వస్తువు) మీదికి నేరుగా దూకడం ఫ్రేమ్ రేట్ సరిగ్గా ఉన్నవాళ్లకే సాధ్యమయ్యేదని పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ గొడవల మీదటే తర్వాతి ప్యాచుల్లో పీమూవ్ ఫిక్స్‌డ్ అనే సెట్టింగ్ వచ్చింది. మీ సమస్యకి మందు అదే.

పీమూవ్ ఫిక్స్‌డ్ 1 పెడితే, మీ కంప్యూటర్ ఎన్ని ఫ్రేములు గీసినా, కదలిక లెక్క మాత్రం పీమూవ్ ఎంసెక్ అనే ఇంకో సెట్టింగ్‌లో ఉన్న మిల్లీసెకన్ల ముక్కలుగానే జరుగుతుంది. దాని డిఫాల్ట్ 8. అంతకంటే తగ్గించబోతే ఆటే ఒప్పుకోదు, 8 దగ్గర ఆపేస్తుంది, పైకి 33 వరకు పోనిస్తుంది. అంటే 60 వాడూ 250 వాడూ ఇద్దరూ 750 గురుత్వంలోనే దూకుతారు. ఇది సర్వర్ వైపు పెట్టే సెట్టింగ్, ఆటగాడి నిజాయితీ మీద ఆధారపడే పని లేదు. మీరు కేవలం "అందరూ 125 పెట్టుకోండి" అని రూల్ రాసి ఊరుకుంటే మాత్రం అది మాట మీద నడిచే రూల్. ఎందుకంటే కామ్ మాక్స్ ఎఫ్‌పీఎస్ ఆటగాడి కంప్యూటర్‌లో ఉండే అంకె, సర్వర్‌కి అది కనిపించదు. సర్వర్‌కి కనిపించేది వచ్చే ఆదేశాల మధ్య ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయన్నది ఒక్కటే.

దీనికీ ఒక ఇబ్బంది ఉంది, ముందే చెప్పడం మంచిది, లేకపోతే రెండో రోజే ఫిర్యాదులు మొదలవుతాయి. 8 మిల్లీసెకన్ల ముక్కతో పొంతన లేని ఫ్రేమ్ రేట్ పెట్టుకున్నవాళ్లకి కదలిక కాస్త గతుకులుగా కనిపిస్తుంది. 166 దగ్గర కొన్ని ఫ్రేములకి స్థానం మారుతుంది, కొన్నిటికి మారదు, కన్ను పట్టేస్తుంది. 125 లేదా 250 పెట్టుకోమనండి, సర్దుకుంటుంది. ఇది సలహాగా చెప్పండి, రూల్‌గా కాదు.

మీరు ఆఫ్‌లైన్ రన్‌లు కూడా తీసుకుంటే డిఫ్రాగ్ వాళ్ల పాత పద్ధతి ఉండనే ఉంది: జీ సింక్రొనస్ క్లయింట్స్ 1 (కదలికని సర్వర్ ఫ్రేములతో కలిపి నడిపేది), ఎస్‌వీ ఎఫ్‌పీఎస్ 125 (సర్వర్ సెకనుకి ఎన్నిసార్లు లెక్క వేయాలో), కామ్ మాక్స్ ఎఫ్‌పీఎస్ 125, గురుత్వం 800, వేగం 320, టైమ్‌స్కేల్ 1 (ఆట మామూలు వేగంతో నడవడం). కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు, ఉన్నది ఉన్నట్టు తెచ్చుకోండి.

ఇక్కడ తెలివైనవాడు ఎవడో ఒకడు లేచి, "అసలు గురుత్వం 800 కదా, మరి 750 ఇచ్చే 125ని ఎందుకు న్యాయం అంటున్నారు, 100 గానీ 200 గానీ పెట్టాలి కదా" అంటాడు. ఒకప్పుడు మా దగ్గరా అన్నారు. లెక్క ప్రకారం అతను చెప్పింది కరెక్టే. కానీ డిఫ్రాగ్ మ్యాపులు చేసినవాళ్లు ఏళ్ల తరబడి 125లోనే పరీక్షించి గోతుల వెడల్పు, గట్ల ఎత్తు నిర్ణయించారు. రికార్డులన్నీ అందులోనే ఉన్నాయి. ఆటగాళ్ల చెయ్యి కూడా దానికే అలవాటు పడింది. గాలిలో ఒక్కో ఫ్రేమ్‌కి కలిసే వేగం 320ని 0.008తో గుణిస్తే 2.56. అడ్డంగా ఉండే వేగానికీ ఇదే సవరణ ఉంది కదా, కొన్ని కోణాల్లో ఆ 2.56 కాస్తా 3 అవుతుంది, కొన్ని కోణాల్లో తగ్గిపోతుంది. ఏ కోణంలో ఎంత కలిసొస్తుందో తెర మీద గీతలుగా చూపించే హడ్‌లు కూడా చేసుకున్నారు, స్నాప్ హడ్ అంటారు. స్ట్రేఫ్ చేసేటప్పుడు (పక్కకి జరుగుతూ గాలిలో వేగం పెంచుకునేటప్పుడు) ఆ గీత మీద మౌస్‌ని నిలపడమే పైస్థాయిలో సగం ఆట. 200కి మార్చారంటే ఆ గీతలన్నీ మారిపోతాయి, కొన్ని మ్యాపులైతే పూర్తి చేయడమే కుదరదు. సరైన గురుత్వం ఏదన్నది ఇక్కడ ప్రశ్న కాదు. అందరూ ఒప్పుకుని దేనిలో ఆడారన్నదే ప్రశ్న.

333 అభిమానులకి కూడా ఒక మాట ఉంది. వాళ్లు అడిగేది పూర్తిగా అడ్డగోలు కాదు. ఇదే ఇంజన్ వంశంలో పుట్టిన కాల్ ఆఫ్ డ్యూటీ 4 (2007) చూడండి. అందులో జంప్ మ్యాపులు ఆడే వాళ్లు 125, 250, 333ల మధ్య ఒకే పరుగులో, కొన్నిసార్లు ఒకే జంప్ మధ్యలో, కీ నొక్కి మారుస్తూ ఆడతారు. అక్కడ అది నైపుణ్యంలో భాగం, ఎవరూ దాన్ని మోసం అనరు. కానీ అక్కడ అందరికీ ముందే తెలుసు, మ్యాపులు కూడా దానికి తగ్గట్టే చేస్తారు. మీ పోటీలో అలా ఎవరికీ చెప్పలేదు. రూల్ లేని చోట అతను రూల్ తప్పలేదు, అంతవరకు అతనిది తప్పు కాదు. అలాగని మిగతావాళ్లు ఓడిపోయారనడం కూడా తప్పే. పాత టైములన్నీ "ఫ్రేమ్ రేట్ నియమం లేనప్పటివి" అని ఒక పట్టికలో పెట్టి మూసేయండి, ఏదీ తుడిచేయకండి. ఆసక్తి ఉంటే "ఏ ఫ్రేమ్ రేటైనా సరే" అని ఇంకో విభాగం తెరవండి. 2019లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 2 రీమేక్‌లో ఫ్రేమ్ రేట్ పెరిగితే కత్తి దెబ్బకి ఎక్కువ నష్టం జరుగుతోందని తేలినప్పుడు, అక్కడి స్పీడ్‌రన్నర్లు 60కి, 120కి వేరు వేరు పట్టికలు పెట్టుకున్నారు. గొడవ ఆగింది.

అయితే మీ గ్రూపు చిన్నది. పదిమంది ఉన్నచోట మూడు విభాగాలు పెడితే ఒక్కో పట్టికలో ముగ్గురు మిగులుతారు, అందరికీ పతకాలే. నా ఓటు ఒకే ఒక్క ప్రధాన పట్టికకి.

పాత ల్యాప్‌టాప్ వాళ్ల గురించి. పీమూవ్ ఫిక్స్‌డ్ పెట్టాక గురుత్వం సమస్య వాళ్లకి పోయినట్టే. కానీ నిజంగా వాళ్లకి 125 రావట్లేదా అన్నది ఒకసారి చూడండి. ఇది 1999 నాటి ఆట, పదేళ్ల కిందటి ల్యాప్‌టాప్‌లో లోపలి గ్రాఫిక్స్ కూడా దీన్ని తేలిగ్గా లాగుతుంది. 60 దగ్గర ఆగిపోతోందంటే నూటికి తొంభై సందర్భాల్లో వీ-సింక్ ఆన్‌లో ఉంటుంది, ఆర్ స్వాప్ ఇంటర్వల్ 0 చేసి చూడమనండి. ఛార్జర్ తీసేసి ఆడుతూ పవర్ సేవర్‌లో ఉన్నారేమో కూడా అడగండి. ఇంకా రాకపోతే రిజల్యూషన్ తగ్గించి, గోడల మీది బొమ్మల నాణ్యత తగ్గించే పిక్‌మిప్ పెంచి, వెలుతురు లెక్కని తేలిక చేసే వర్టెక్స్ లైట్ పెడితే చాలు. 60 హెర్ట్జ్ తెర మీద 125 ఏం ఉపయోగం అంటారు కొందరు. తెర సెకనుకి 60 బొమ్మలే చూపించినా లెక్క 125 సార్లు జరుగుతుంది, మనకి కావాల్సింది లెక్కే.

ఇంత చేశాక కూడా ఎక్కువ ఫ్రేములున్నవాడికి ఒక చిన్న సౌకర్యం మిగులుతుంది, మౌస్ కదిపింది తెర మీద కాస్త ముందు కనిపిస్తుంది. దాన్ని సమానం చేయాలని చూడకండి. అది మొదలుపెడితే మానిటర్, మౌస్, కుర్చీ దాకా పోవాలి. పోటీ పెట్టేవాళ్లు సమానం చేయగలిగింది ఆట లోపలి నియమాల్ని. "కొనుక్కోలేనివాడు ఆడటం ఎందుకు" అని మీ గ్రూపులో ఒకరు అన్నారట, ఆ మాట అన్నాయన్ని పోటీకి అంపైర్‌గా మాత్రం పెట్టొద్దు.

మిగతా ఆటలవాళ్లకి ఈ తలనొప్పి ఎందుకు లేదని అడిగే వాళ్లుంటారు. డూమ్‌లో ఆట గడియారం సెకనుకి 35 అడుగులే వేస్తుంది, ఇప్పటి కంప్యూటర్లకి మార్చిన వెర్షన్లు మధ్యలో బొమ్మల్ని నింపి నున్నగా చూపిస్తాయి తప్ప లెక్క అదే. అందుకే 1993 నాటి ఆటకి ఇప్పటికీ డెమోలు (ఆటే రికార్డ్ చేసే ఫైళ్లు) చూసి సరిపోల్చుకోగలుగుతున్నారు. మొదటి క్వేక్‌కి ఆన్‌లైన్ రూపమైన క్వేక్‌వరల్డ్ వాళ్లు కూడా ఫిజిక్స్‌ని సెకనుకి 77 దగ్గర ఉంచి, బొమ్మని వేరుచేసే క్లయింట్లు చేసుకున్నారు. అంటే మీకు చెప్తున్నది కొత్త విషయమేమీ కాదు.

నిరూపణ విషయంలో కాస్త కఠినంగా ఉండండి. వీడియో సరిపోదు, డెమో ఫైల్ తప్పనిసరి చేయండి. వీడియోలో మూలన కనిపించే ఎఫ్‌పీఎస్ అంకెని నమ్మొద్దు, అది కొన్ని ఫ్రేముల సగటు. డెమోలో అయితే రన్ ఏ సెట్టింగులతో జరిగిందో ఉంటుంది, ఆదేశాల సమయాలు కూడా ఉంటాయి, 8, 16, 24 అంటూ పోవాల్సింది మధ్యలో 3, 6 కనిపిస్తే అడగొచ్చు. బయటి ప్రోగ్రాంతో ఆటనే నెమ్మదింపజేసి ఆడితే మాత్రం సెట్టింగుల్లో ఏమీ దొరకదు. 2021లో ట్రాక్‌మానియా అనే కార్ల రేసు ఆటలో బయటపడిన వ్యవహారం ఇలాంటిదే. అక్కడ రీప్లే ఫైళ్లలో స్టీరింగ్ ఎలా తిరిగిందో పరిశీలించి, మనిషి చెయ్యి ఆ వేగంతో అన్నిసార్లు మార్చలేదని పట్టుకున్నారు. ఫైళ్లు దాచుకోబట్టే ఏళ్ల తర్వాతైనా తేలింది. మీరూ ప్రతి నెలా వచ్చిన డెమోలన్నీ ఒకచోట భద్రం చేయండి, ఓడినవాళ్లవి కూడా. మొదటి మూడు స్థానాలకి అనుమానం ఉంటే, అదే మ్యాప్‌ని సర్వర్‌లో అందరి ముందు ఇంకోసారి ఆడమనండి. అదే టైమ్ రానక్కర్లేదు, దగ్గరగా వస్తే చాలు.

రూల్ ప్రకటించే ముందు సర్వర్ నిజంగా బిగిసిందో లేదో పరీక్షించుకోండి. దీనికి సులువైన దారి, మ్యాప్ ఎడిటర్‌లో 64 యూనిట్ల ఎత్తున్న పెట్టె ఒకటి ఖాళీ గదిలో పెట్టడం. ఆటలో కిందికి దిగుతున్నప్పుడు 18 యూనిట్ల మెట్టు దానంతటదే ఎక్కేసే వెసులుబాటు ఉంది. 800 గురుత్వంలో 45.6కి 18 కలిపితే 63.6, పెట్టె ఎక్కలేరు. 750లో 66 దాటుతుంది, ఎక్కేస్తారు. పీమూవ్ ఫిక్స్‌డ్ 0 పెట్టి, 200 ఎఫ్‌పీఎస్ నిలకడగా వచ్చే కంప్యూటర్‌తో ఒకరిని దూకమనండి, అంచుకి తగిలి కింద పడాలి. తర్వాత 1 పెట్టి, ఏమీ మార్చకుండా మళ్లీ దూకమనండి, పైన నిలబడాలి. ల్యాప్‌టాప్ కుర్రాడినీ, 144 మానిటరాయన్నీ కూడా అదే పెట్టె ఎక్కించి, ముగ్గురి డెమోలూ రూల్‌తో పాటు గ్రూపులో పెట్టేయండి. ఎవరైనా ఎక్కలేకపోతే సర్వర్ కాన్ఫిగ్‌లో ఆ లైన్ పనిచేయట్లేదన్నమాట, మ్యాప్ లోడ్ అయ్యాక ఇంకేదైనా ఫైల్ దాన్ని మళ్లీ 0 చేస్తోందేమో చూడండి.